బోండాకు మేనరికం

నేను చేసిన వెధవ పనులన్నిటినీ వరసగా నిలబెడితే చందాపుర సర్కిల్ నుంచి అత్తిబెలె చెక్‌పోస్టు దాకా క్యూ వస్తుంది. ట్రాఫిక్ పోలీసులు వచ్చి పక్కకు జరపాల్సిందే. ఆ క్యూలో అందరికంటే ముందు, మెడలో దండ వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని దర్జాగా నిలబడేది మాత్రం ఒక్కటే: మా కుక్కకు నేను సంబంధం చూడబోయిన పని. పెళ్ళికొడుకు కుక్క, పరువు పోయింది నాది. కాఫీ తాగుతూ చదివేవాళ్ళు గ్లాసు కింద పెట్టి చదవండి. చొక్కా మీద పడితే నా పూచీ లేదు.

ముందు నా సంగతి. పేరు నాగరాజు. బెంగళూరు పక్క చందాపురలో వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్లులు, బాల్కనీలోకి పావురాలు రాకుండా జాలీలు చేస్తాను. చదువు ఏడో తరగతి. లెక్కల సారు బెత్తం పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే కిటికీలోంచి దూకి బయటపడ్డవాణ్ణి, ఇంతవరకు తిరిగి లోపలికి వెళ్ళలేదు. ఆ కిటికీకి గ్రిల్లు లేకపోబట్టే నేను ఈనాడు గ్రిల్లులు చేసుకుని బతుకుతున్నాను.

నా భార్య సుజాత నా సొంత మేనమామ కూతురు. మామ పేరు వెంకటరమణప్ప. మా అమ్మకు తమ్ముడు. మడకశిర అవతల పల్లెలో శెనక్కాయల సేద్యం. చిన్నప్పుడూ ‘మామా’ అనే పిలిచాను, పెళ్ళయ్యాకా ‘మామా’ అనే పిలుస్తున్నాను. పిలుపు మారలేదు గానీ ఆయన చూపు మారింది. నా గురించి ఆయన ఊళ్ళో చెప్పే మాట ఇది:

“మా అల్లుని నోరు వాని వెల్డింగ్ మిషన్ మాదిరే. మెరుపులు దండిగా వస్తాయి. అతుకు మాత్రం నిలవదు.”

ఆయన కోపానికి కారణం ఉంది. పెళ్ళిలో పదిమంది ఎదుట, “మామా, నీ తోటకు ఇనప గేటు నేనే చేసి తెస్తా, ఊరంతా వచ్చి చూడల్ల” అన్నాను. ఆ తర్వాత బెంగళూరులో సగం ఇళ్ళకు గేట్లు చేశాను. మామ తోటకు మాత్రం ఇప్పటికీ కంపచెట్టు అడ్డం.

ఇక బోండా. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్లాటుకు గ్రిల్లు బిగించాను. ఆ దంపతులు పుణె వెళుతూ, అక్కడ దొరికిన అద్దె ఇంట్లో కుక్కను రానివ్వరని, తమ లాబ్రడార్ పిల్లను నా చేతిలో పెట్టారు. దానితోపాటు ఒక ప్లాస్టిక్ కవరు.

“రిజిస్ట్రేషన్ పేపర్స్, నాగరాజ్. జాగ్రత్త. ప్యూర్ బ్రీడ్.”

కుక్కల సంఘంలో పేరు రాయించిన కుక్క! కాగితంలో వాడి పేరు ఒక పెద్ద రైలు బండి అంత ఉంది. మొదటి పెట్టె డ్యూక్, చివరి పెట్టె థండర్, మధ్యలో ఇంకేవో ఉన్నాయి. ఆ పేరు పూర్తిగా పిలిచేలోపు కుక్క పక్క వీధి దాటిపోయేది. అందుకని రంగునూ ఆకారాన్నీ చూసి బోండా అని పెట్టాం. పెరిగి పెద్దవాడైనా ఆకారం మారలేదు. నడకలో కూడా వాడొక రకం. పరుగెత్తితే వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతాడు. వీధి మధ్యలో ఉన్నట్టుండి జమీందారులా కూర్చుండిపోతాడు. మెట్లెక్కడు. నేనే ఎత్తుకుని ఎక్కించాలి. “పేపర్లుండే కుక్క కదా, పొగరు” అని నేను అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఈ మాట గుర్తు పెట్టుకోండి. తరువాత దీనికోసమే నన్ను తిట్టుకుంటారు.

అసలు గొడవ మామ కుక్క చనిపోవడంతో మొదలైంది. కరిగాడు అని నల్లటి ఊరకుక్క. మామ ఎక్కడుంటే అక్కడ ఉండేది. మేము పల్లెకు వెళ్ళేసరికి మామ తోటలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన కరిగాడి మట్టి మూకుడు, దాంట్లో తాజాగా నీళ్ళు. కుక్క లేదు, నీళ్ళు మాత్రం పోస్తున్నాడు. చూసి ఊరుకున్నానా? వెంటనే నోరు తెరిచాను.

“దిగులు పడొద్దు మామా! మా బోండాకు పెండ్లి చేసి, పుట్టిన మొదటి పిల్లను నీకే తెచ్చిస్తా. పేపర్లుండే పిల్ల!”

మామ నా వైపు చూశాడు. తరువాత కంపచెట్టు వైపు చూశాడు.

“గేటు తెచ్చినట్లేనా అప్పా?”

ఇంటికి వచ్చాం. సుజాత ఒక్కటే అంది:

“మా నాయన ఎవుర్నీ ఏమీ అడిగే మనిషి కాదు. నువ్వే ఆశ పెట్టినావు. ఈసారి గానీ మాట తప్పితివా, ఆయన ముందర నేను తలెత్తలేను. నీ తల సంగతి చెప్పల్యా, అది ఎట్లాగూ లేదు.”

మరుసటి రోజు నుంచే పెళ్ళికూతురి వేట. కుక్కల తిండి అమ్మే షాపు ముస్తాఫా ఒక నంబరు ఇచ్చాడు.

“జయనగరలో వసుంధరమ్మ మేడం ఉండారు. రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. మల్లిగె అని వాళ్ళ ఆడ లాబ్రడార్ ఉండాది, బంగారం. కానీ నాగరాజ్ అణ్ణా, ప్రశ్నలు శానా అడుగుతారు. మూడు తరాలు విచారిస్తారు.”

“మూడు తరాలా? అయితే పద్ధతి తెలిసిన మనిషి!” అని మురిసిపోయాను. హెడ్‌మిస్ట్రెస్ అన్న మాట దగ్గర మాత్రం చిన్నప్పటి కిటికీ ఒకసారి కళ్ళముందు మెరిసింది.

ఫోన్ చేశాను.

“మీ కుక్క సైర్ ఎవరు?” అంది ఆమె.

“సార్ ఎవరూ లేరు మేడం. నేనే. సొంత షాపు.”

“అది కాదప్పా. సరే, డ్యామ్ పేరు చెప్పండి.”

డ్యామా? కుక్కకు డ్యాముతో ఏం పనో నాకు అర్థం కాలేదు. నీళ్ళు ఎక్కడివి తాగి పెరిగిందని అడుగుతోందేమో అనుకుని, మా వైపు గొప్పగా చెప్పుకునే డ్యామునే చెప్పాను.

“తుంగభద్ర, మేడం.”

ఆమె పిల్లలకు పాఠం చెప్పినట్టు విడదీసి చెప్పింది.

“కుక్కల లెక్కలో సైర్ అంటే తండ్రి, డ్యామ్ అంటే తల్లి. మీ కుక్క తల్లి పేరు తుంగభద్రా?”

“అయ్యో, వాళ్ళమ్మ పేరు పేపర్లో ఉంటుంది మేడం.”

“చిప్పుందా?”

“ఉండాది మేడం. స్టీలుది. అన్నం దాంట్లోనే తింటాడు.”

“చిప్ప కాదప్పా, చిప్పు! భుజాల మధ్య తోలు కింద వేసేది, నంబరు ఉండేది!” అని ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. “ఆదివారం కాగితాలతో కుక్కను తీసుకుని రాండి. సుమ్నే, ఊరికే చూసేదానికే. ఒప్పుకున్నట్టు కాదు.”

చూసేదానికే! ఆ ఒక్క మాట నా చెవిలో పడి పెళ్ళిచూపులైపోయింది. పెళ్ళిచూపులంటే పెద్దమనిషి ఉండాలి కదా? మామకు ఫోన్ కొట్టి రప్పించాను. నా మాట నిలబడటం ఆయన కళ్ళారా చూడాలని నా దురద. ఆయన తెల్ల పంచె కట్టి, భుజాన టవలు వేసుకుని దిగాడు. నేను బోండాకు స్నానం చేయించి, బొట్టు పెట్టి, మల్లెదండ వేశాను. తమలపాకులు, అరటిపండ్లు పళ్ళెంలో సర్దాను.

సుజాత గుమ్మంలో నిలబడి చూస్తోంది. “మన పెండ్లిచూపులకు నువ్వు గ్రీజు చేతులతో వచ్చినావు. గుర్తుందా?”

“మనది మేనరికం కదా. కొత్తగా చూసుకునేదేముంది?” అన్నాను.

చూశారా, విషబీజం అక్కడే పడింది.

షాపు లగేజీ ఆటోలో మామ, బోండా, నేను ముగ్గురం బయల్దేరాం. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కదలక, బోండాకు పెళ్ళి వయసు దాటిపోతుందేమోనని భయమేసింది. దాటలేదు గానీ, వాడు దండ తినేశాడు. జయనగర చేరేసరికి పెళ్ళికొడుకు మెడలో ఒట్టి దారం మిగిలింది.

వసుంధరమ్మ గారు వరండాలో కూర్చుని ఉంది. ముక్కు చివర కళ్ళజోడు, ఒళ్ళో ఫైలు. “కూర్చోండి” అంది. నేను చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాను. కూర్చుంటే బెంచీ ఎక్కమంటుందని అనుమానం. గ్రిల్లు అవతల మల్లిగె మా వైపు చూసి, ఆవులించి, పడుకుంది. మంచి సంబంధాల్లో పిల్లకు బిడియం ఉంటుందని సర్దుకున్నాను.

ప్రశ్నలు మొదలయ్యాయి. రెండేళ్ళు నిండినాయా? టీకాలు వేయించినారా? కొత్త మనుషుల మీదికి పోతాడా? కండ్ల పరీక్ష అయిందా?

“వీళ్ళ నాయనకు తుంటి ఎక్స్‌రే తీసినారా?”

మామ నా చెవిలో గొణిగాడు. “పెండ్లికొడుకు నాయనకు ఎక్స్‌రే ఎందుకురా? మూటలు మోయిస్తారా?”

“పిల్లలు పుడితే ఎవురికి ఇవ్వాలని ఉండారు?” అని ఆమె అడిగింది.

“ఒకటి మా మామకు మేడం. తక్కినవి అడిగినోళ్ళకు.”

“అడిగినోళ్ళకా! కుక్కపిల్లలేమన్నా గుళ్ళో ప్రసాదమా అప్పా, చెయ్యి చాచినోళ్ళకంతా పెట్టేదానికి? వాళ్ళిల్లు చూడొద్దా? పెంచే ఓపిక ఉండాదో లేదో కనుక్కోవద్దా?”

మామ ఇటు తిరిగి కూర్చుని నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కంపచెట్టు కనిపిస్తోంది. ఇక లాభం లేదని నా దగ్గరున్న బ్రహ్మాస్త్రం తీశాను. మా వైపు ఎంత చిక్కు సంబంధమైనా ఆ ఒక్క మాటతో కుదిరిపోతుంది. అది అన్నాక ఇక ఎవరూ ఏమీ అడగరు.

“మేడం, ఇన్ని విచారణలు బయటి సంబంధాలకు గదా? ఇది బయటిది కాదు. మీ మల్లిగె వాళ్ళ నాయన, మా బోండా వాళ్ళమ్మ సొంత అన్నాచెల్లెళ్ళు. మేనరికం మేడం! వరసైన పిల్ల!”

పచ్చి అబద్ధం. మల్లిగె వాళ్ళ నాయన ఎవరో నాకు తెలియదు. ఇక నా నోట్లో చక్కెర పోస్తుందని ఎదురు చూస్తున్నాను. ఆమె ముఖం కరెంటు పోయిన వీధిలా అయింది.

“దగ్గర రక్తమా! నిజమేనా?”

ఈలోపు బోండా పళ్ళెంలో అరటిపండ్లు తొక్కలతో సహా మింగుతుంటే, మామ వాడి నోట్లో చెయ్యి పెట్టి లాగుతున్నాడు. ఆయన చెవిలో పడినవి రెండే మాటలు. మేనరికం. నిజమేనా.

“నిజమేనమ్మా. సొంత అక్క కొడుకే. నేనే దగ్గరుండి చేసినా” అన్నాడు.

“మీరే చేసినారా?”

“అవునమ్మా. బయట వెతికేదెందుకని ఇంట్లోనే కలిపేస్తిమి. ఇప్పుడు ఇద్దరు పిల్లలు.”

“ఇద్దరేనా? తక్కినవి బతకలేదా?”

“రామ రామ!” మామ అరటిపండు వదిలేశాడు. “ఏం మాటలమ్మా అవి! ఇద్దరూ బంగారం మాదిరి ఉండారు. ఒకడు ఆరో తరగతి, ఒకతె మూడో తరగతి!”

వసుంధరమ్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మామను చూసి, నన్ను చూసి, ఎవరి గురించి ఎవరు మాట్లాడుతున్నారో తేల్చుకుంది. పెదవి కొస కొంచెం వణికింది గానీ నవ్వలేదు. హెడ్‌మిస్ట్రెస్ కదా. ఫైలు మూసేసింది.

“మనుషుల సంగతి మీరు మీరు చూసుకోండి. కుక్కల్లో దగ్గర రక్తం కలిపితే లోపల దాక్కున్న జబ్బులన్నీ పిల్లల్లో బయటపడతాయి. తెలిసి తెలిసి ఆ పని నేను చెయ్యను. పోయి రాండి.”

“మేడం మేడం! అబద్ధం మేడం!” అని నేను దాదాపు ఆమె కాళ్ళ మీద పడ్డాను. “ఏ చుట్టరికమూ ల్యా. పేపర్లు చూడండి!”

ఆమె రెండు కుక్కల కాగితాలూ పక్కపక్కన పరిచి, వేలు పెట్టి తాతల దాకా చూసింది. “ఎక్కడా కలవలేదే! మరి అన్నాచెల్లెళ్ళంటివి?”

“అది నేను చెప్పింది మేడం. ఇది పేపరు చెప్పేది.”

“మా అల్లుడంతే అమ్మా” అన్నాడు మామ తీరిగ్గా. “వాడు చెప్పినాంక పేపరు చూసుకోవల్ల.”

ఆమె ఇంకా కోపంగానే ఉంది. అయినా లేచి, “కుక్కను ఒకసారి అటు పరుగెత్తించండి” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. బోండాను తోలాను. వాడు వెనక కాళ్ళు రెండూ కలిపి గెంతుతూ నాలుగడుగులు వెళ్ళి, మధ్యలో కూర్చున్నాడు.

“చూసినారా మేడం స్టైలు! కుందేలు మాదిరే!”

ఆమె స్టైలు చూడలేదు. వాడి పక్కన నేల మీద కూర్చుని నడుం మీద చెయ్యి వేసింది. గొంతు మారిపోయింది.

“మెట్లెక్కుతాడా?”

“ఎక్కడు మేడం. వట్టి సోమరి. నేనే ఎత్తుకుంటా.”

“సోమరి కాదప్పా. నొప్పి.”

నేనూ వాడి పక్కన నేల మీద కూలబడ్డాను. ఇన్నాళ్ళూ వాడు నొప్పితో కూర్చుంటే నేను వీధిలో వాళ్ళను పిలిచి చూపించి నవ్వించాను.

మర్నాడు ఆమే దగ్గరుండి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. వాడికి మత్తిచ్చి ఎక్స్‌రే తీశారు. తుంటి కీళ్ళు రెండూ గుంటల్లో సరిగ్గా కూర్చోలేదు. పుట్టుకతో వచ్చిన గుణం. పిల్లలకూ దిగే అవకాశం ఉంది. బరువు తగ్గించాలి, మందులు వాడాలి, వీడికి సంతానం వద్దు, ఆ ఆపరేషన్ చేయించేయండి అన్నాడు డాక్టరు. దండ తిన్న పెళ్ళికొడుకు అట్లా సన్యాసి అయ్యాడు.

“పేపర్లుండాయి కదా మేడం?” అన్నాను నీరసంగా.

“కాగితం వాళ్ళమ్మ ఎవురు, నాయన ఎవురు అని చెప్తుంది. తుంటి సంగతి తుంటినే అడగల్ల” అంది ఆమె.

మామ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తరువాత నన్ను చూశాడు. అంతే శ్రద్ధగా.

“అమ్మా, మీరు ఈ కుక్కను అడిగినన్ని ప్రశ్నల్లో సగం నేను ఆ పొద్దు మా అల్లుణ్ణి అడిగింటే ఎంత బాగుండు. మేనరికం గదా అని ఎక్స్‌రే కూడా తీయకుండా పిల్లనిచ్చేస్తిని.”

వసుంధరమ్మ గారు ఈసారి నవ్వింది. మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళి, మామను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, మెల్లగా అడిగింది. “మీకు కుక్కపిల్ల కావల్ననిరి గదా. ముందేమన్నా కుక్క ఉండెనా? అదేమాయె?”

“ముసిలిదయిపోయెనమ్మా. కడాకు లేవలేకపోయె. పొద్దున్నే నేనే ఎత్తి ఎండలో పండబెడితి. సాయంత్రం నీడకు మారిస్తి. అంతే.”

ఆమె ఇంకేమీ విచారించలేదు. మల్లిగెకు వేరే మగకుక్కతో, అన్ని పరీక్షలూ నెగ్గినవాడితో, జత కట్టిస్తున్నానని, ఒక పిల్ల మామదేనని చెప్పింది. నేను గాల్లోకి ఎగరబోయాను.

“ఒక్క విషయం. పిల్ల ఉండే చోటు రోడ్డు పక్కనేనా? గేటుండాదా?”

ఇద్దరూ నా వైపు తిరిగారు.

“అల్లుడు చేస్తానన్యాడమ్మా” అన్నాడు మామ.

“ఎప్పుడు?”

“పెండ్లప్పుడు.”

“గేటు బిగించి ఫోటో పంపించండి. అంతవరకు పిల్ల లేదు.”

నమ్ముతారో లేదో, ఇన్నేళ్ళ వాయిదా వారంలో తీరిపోయింది. ఊరంతా వచ్చి చూశారు. మామ గేటును రెండుసార్లు తీసి, వేసి, అతుకులన్నీ గోటితో గీకి చూసి, “కుక్క పుణ్యాన వచ్చె” అన్నాడు. నా పేరెత్తలేదు.

కొన్ని నెలలకు పిల్లను తెచ్చుకోవడానికి అందరం జయనగర వెళ్ళాం. మల్లిగెకు పుట్టిన ఆడపిల్ల మామ పంచె అంచు పట్టుకుని లాగుతోంది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. టవలుతో తుడుచుకుని, దుమ్ము అన్నాడు.

“సంఘంలో రాయించినా. కాగితంలో దీని పేరు తుంగభద్ర” అంది వసుంధరమ్మ గారు, నా వైపు ఓరగా చూస్తూ.

అంటే ఆనాడు ఫోనులో నేను చెప్పింది తప్పు కాదన్నమాట. కొంచెం ముందుగా చెప్పాను, అంతే.

“ఇంకొక మాట వెంకటరమణప్పా. ఏ కారణంగానైనా దీన్ని సాకలేకపోతే బయటోళ్ళకు ఇవ్వకూడదు, వదిలేయకూడదు. నా దగ్గరికే వాపసు తేవల్ల. ఎంత వయసైనా సరే, నేను తీసుకుంటా. నా ఇంట పుట్టిందానికి నాదే పూచీ.”

మామ ఆగిపోయాడు. “ఎంత వయసైనా తీసుకుంటారా?”

“ఎంత వయసైనా.”

మామ నన్ను తల నుంచి కాళ్ళ దాకా, కాళ్ళ నుంచి తల దాకా చూసి, పెద్దగా నిట్టూర్చాడు. “ఎంత మంచి రూలమ్మా! మా అక్క గూడా ఈ మాట ఒకటి అనింటే...”

సుజాత కుక్కపిల్లను ఎత్తుకుంటూ, తలైనా తిప్పకుండా అంది.

“నేనెప్పుడో అడిగి చూసినా నాయనా. అత్త వద్దనె.”

కాబట్టి మహాజనులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కుక్కకు గానీ, పిల్లికి గానీ, ఎదురింటి చిలకకు గానీ సంబంధం చూడను. ఎవరైనా దగ్గర చుట్టమా అని అడిగితే నాకు ఈ లోకంలో చుట్టాలే లేరని చెబుతాను. మేనరికం అన్న మాట ఇంట్లో తప్ప ఎత్తను. ఇంట్లో కూడా సుజాత లేనప్పుడే ఎత్తుతాను. ఇదంతా సన్నబడిన బోండా తల మీద చెయ్యి పెట్టి, నిండు మనసుతో చెబుతున్న మాట. వాడు సగం వరకు విని, మధ్యలో కూర్చున్నాడు. ఈసారి నొప్పి కాదు, మందులు బాగానే పనిచేస్తున్నాయి. నా మాట మీద నమ్మకం లేక.